హోంవర్కులో ఒకే గీత, రెండు దారులు

ఇక్కడ అమెరికాలో మా అమ్మాయికి బడిలో సరళరేఖల గ్రాఫులు మొదలయ్యాయి. 2ఎక్స్ + 3వై = 12 అని కనిపించగానే నా చెయ్యి పట్టిక వేయడానికి పోతుంది. ఎక్స్ సున్నా అయితే వై 4, వై సున్నా అయితే ఎక్స్ 6. ఆ రెండు చుక్కలు పెట్టి స్కేలు ఆనించి గీయడమే. సరిచూసుకోవడానికి మూడోది: ఎక్స్ 3 అయితే వై 2, అది కూడా గీత మీదే పడాలి.

తను అలా చెయ్యదు. "అమ్మా, ముందు వై ఒక్కటే ఒక పక్కన ఉండాలి" అంటుంది. వై = −(2/3)ఎక్స్ + 4 అని మార్చి, నిలువు అక్షం మీద 4 దగ్గర చుక్క పెట్టి, స్లోప్ (గీత వాలు) −2/3 కాబట్టి అక్కణ్ణించి మూడు గళ్ళు కుడికి, రెండు గళ్ళు కిందికి వెళ్ళింది. చుక్క ఎక్కడ పడింది? నేను సరిచూడ్డానికి పెట్టుకున్న (3, 2) మీదే.

ఇక్కడ పిల్లల పక్కన కూర్చునే మనవాళ్ళలో కొందరు "మా రోజుల్లో ఇలా కాదు" అంటూ పెన్సిల్ లాక్కుంటారు. నాకది నచ్చదు. టీచర్ స్టెప్పులు కూడా చూస్తారు కాబట్టి ముందు బడి పద్ధతే కుదరాలి. పైగా అందులో ఒక సుఖం ఉంది. స్లోప్ ముందు మైనస్ ఉందో లేదో చూస్తే గీత ఎక్కుతుందో దిగుతుందో గీయకముందే తెలిసిపోతుంది. ఇక మనం నేర్చుకున్న వై = ఎమ్ఎక్స్ ప్లస్ సి (ఎమ్ అంటే స్లోప్, సి అంటే గీత నిలువు అక్షాన్ని తాకే చోటు) ఇక్కడ ఎమ్ఎక్స్ ప్లస్ బి, దానికేం టెన్షన్ అక్కర్లేదు.

మన పట్టికతో పని వై = ఎక్స్² దగ్గర పడింది. దానికి ఒకే స్లోప్ ఉండదు. ఎక్స్ 0 నుంచి 1కి వెళ్తే వై ఒక గడి పెరుగుతుంది, 1 నుంచి 2కి వెళ్తే మూడు. "మరి ఎన్ని గళ్ళు ఎక్కాలి?" అని పిల్ల ఆగిపోయింది. పట్టిక వేయమన్నాను. −2 దగ్గర కాలిక్యులేటర్ −4 చూపించింది, చుక్క ఎక్కడో కింద పడింది. బ్రాకెట్ లేకుండా కొడితే చాలా కాలిక్యులేటర్లు ముందు 2ని వర్గం చేసి, తర్వాత మైనస్ తగిలిస్తాయి. (−2)² అని కొడితే 4 వచ్చింది. చుక్కలు కలపడానికి స్కేలు తీయబోతుంటే వద్దన్నాను. వంపు చేత్తోనే తిప్పాలి.

రెండు పక్కలా ఒకేలా ఉంది కదా, సగం పట్టిక వేస్తే చాలదా అని ఇప్పుడు బేరం. దీనికి చాలు. వై = ఎక్స్² + 2ఎక్స్‌కి మాత్రం సున్నా దగ్గర సగం చేస్తే కుదరదు, అది ఎక్స్ = −1 దగ్గర సమానంగా విడిపోతుంది.