రెండు రకాల పెంకులు

ఇల్లు కొన్నామని చెప్పగానే అందరూ అడిగిన మాట ఒక్కటే: "ఎప్పుడు పడగొడుతున్నారు?"

అమలాపురానికి దగ్గర్లో నాలుగు సెంట్ల స్థలం, అందులో ఎనభై ఏళ్లు దాటిన పెంకుటిల్లు. అమ్మినవారు స్థలానికే ధర చెప్పారు, ఇంటిని లెక్కలోకే తీసుకోలేదు. బ్యాంకు పంపిన ఇంజినీరు కూడా కట్టడం విలువ దగ్గర అడ్డగీత గీసి వెళ్లారు. పదిహేనేళ్లలో ఆరు అద్దె ఇళ్లు మారాం మేము. ఆ అరుగు మీద కూర్చున్న మొదటి సాయంత్రమే దీన్ని పడగొట్టనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

పాత ఇల్లు కొనేవాళ్లకు కాగితాల గురించి ఒక మాట చెప్పాలి. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే పత్రం, ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టి తీయించుకోవాలి. మావారు వద్దన్నా పట్టుబట్టి తీయించాను. అన్నదమ్ముల పంపకాల దస్తావేజు ఒకటి అందులో బయటపడింది. ఇద్దరి సంతకాలు అదనంగా కావలసివచ్చాయి, రెండు నెలలు ఆగాం. ఆగినందుకు ఇప్పటికీ సంతోషమే.

జులై వానలకు పడమటి గది కారడం మొదలైంది. గది అంతా కాదు, మధ్యలో తాడు పట్టి గీసినట్టు ఒకే వరుసలో. చూసినవాళ్లంతా పెంకులు తీసేసి రేకులు వేయమన్నారు. చివరికి పక్క ఊరి నుంచి పెంకులు నేసే మేస్త్రి ఒకరు వచ్చారు. డెబ్బై ఏళ్లకు తక్కువ ఉండవు. నిచ్చెన ఎక్కి రెండు పెంకులు దింపి నా చేతుల్లో పెట్టి, "తిరగేసి చూడండి టీచరు గారూ" అన్నారు.

వెనక అచ్చులు వేరు. ఒకదాని గాడి లోతుగా ఉంది, రెండోదానిది లోతు తక్కువ. రెండూ పక్కపక్కన పెడితే మధ్యలో నా చిటికెన వేలు దూరింది. 1996 నవంబరు 6 తుపానుకు ఆ వైపు కప్పు లేచిపోతే, ఆ రోజుల్లో దొరికిన పెంకులేవో తెచ్చి కప్పారట. కోనసీమంతా కప్పుల కోసం వెతుక్కుంటున్నప్పుడు అచ్చు చూసి కొనే తీరిక ఎవరికి ఉంటుంది? ఆ రెండు రకాలు కలిసే వరుసలోనే ఇన్నేళ్లుగా నీళ్లు దిగుతున్నాయి.

పదిహేడు వందల పైచిలుకు పెంకులు దించి, కడిగి, అచ్చు చూసి వేరు చేశాం. తూర్పు వాలుకు ఒక రకం, పడమటి వాలుకు ఇంకో రకం. పాత అచ్చువి 140 తక్కువ పడ్డాయి. అదే అచ్చు ఉన్న ఇల్లు ఒకటి పడగొడుతున్నారని తెలిసి, మావారూ నేనూ ఆటోలో వెళ్లి తెచ్చుకున్నాం. చెదపట్టిన వాసాలు పదకొండు మార్చాం. దూలాలు టేకువి, చెక్కుచెదరలేదు.

గోడల కథ వేరు. కింద మూడడుగుల మేర చెమ్మ, దాని మీద తెల్లగా ఉప్పు. సున్నంతో కట్టిన గోడకు తర్వాతెప్పుడో ఎవరో సిమెంటు ప్లాస్టరింగు చేయించారు. నేలలోని చెమ్మ ఇటుకలోకి ఎక్కుతుంది, సున్నపు పూతైతే దాన్ని బయటికి ఆరనిస్తుంది. సిమెంటు ఆరనివ్వదు కాబట్టి చెమ్మ పైపైకి పాకుతుంది. సిమెంటంతా చెక్కించేశాను. గుల్ల సున్నం తెప్పించి డ్రమ్ములో నీళ్లు పోస్తే కుతకుతా ఉడికింది, దగ్గరికి వెళితే మొహానికి సెగ తగిలింది. అది మూడు వారాలు నానింది. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు మేస్త్రి గారే కొలిచి కలిపారు, ఆ పని ఇంకెవరికీ అప్పగించలేదు. పల్చటి పూత, తడపడం, ఆగడం, మళ్లీ పూత. నాలుగు గదులకు రెండున్నర నెలలు పట్టింది. అరచేయి ఆనిస్తే ఇప్పుడా గోడ మే నెలలో కూడా చల్లగా ఉంటుంది.

వైరింగు, స్నానాల గది మామూలు పనులే, డబ్బు మాత్రం అవే ఎక్కువ తిన్నాయి.

ఈ జూన్‌లో తొలి వాన రాత్రి పడింది. టార్చి పట్టుకుని పడమటి గదిలోకి వెళ్లాను. గీత పడే చోట గచ్చు పొడిగా ఉంది, చేత్తో తడిమి చూశాను. వంటింటి పొగగొట్టం పక్కన మాత్రం ఒక చుక్క పడుతోంది. పొద్దున్నే మేస్త్రి గారికి ఫోను చేశాను. ఎల్లుండి వస్తానన్నారు, అప్పటిదాకా ఆ పెంకు ఎవరినీ కదపనివ్వవద్దన్నారు.