పునీతుల్ని అడగొచ్చా, బైబిల్ ఏమంటోంది

ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళు దగ్గర పడితే చాలు మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఇదే గొడవ, పునీతుల్ని, అంటే మరియమాతలాంటి పోయిన పరిశుద్ధుల్ని, మాకోసం ప్రార్థించమని అడగొచ్చా అని. మాది గుంటూరు లూథరన్ కుటుంబం, అత్తగారి వైపు అంతా ఆర్సీఎం (రోమన్ కాథలిక్కులు), ఒకళ్ళు కొండ మీది మరియమాత ఫొటో పెడతారు, దాని కిందే ఇంకొకళ్ళు "మధ్యవర్తియు ఒక్కడే" (దేవుడికీ మనుషులకీ మధ్య క్రీస్తొక్కడే) అని మొదటి తిమోతి 2:5 పడేస్తారు, ఇక చూస్కోండి.

నాకైతే ఆ వచనంతో ఈ తగువు తెగదనిపిస్తుంది. అదే అధ్యాయం మొదటి వచనంలో అందరికోసం విజ్ఞాపనలు చేయమని పౌలే చెప్తున్నాడు కదా. ఇంకొకళ్ళు మనకోసం ప్రార్థన చేస్తే క్రీస్తుకి లోటొస్తుందంటే, మనవాళ్ళు నూనె సీసాలు పట్టుకుని పాస్టరుగారి ముందు క్యూ కట్టడం కూడా తప్పే అవ్వాలి (ఆ మాట మాత్రం ఎవరూ అనరు లెండి).

అసలు తేలాల్సింది పోయినవాళ్ళకి మన మాట వినపడుతుందా, వాళ్ళని అడగమని ఎక్కడైనా ఉందా అని. ఆర్సీఎం వాళ్ళు ప్రకటన 5:8 చూపిస్తారు, పరలోకంలో ఇరవై నలుగురు పెద్దలు ధూపంతో నిండిన బంగారు పాత్రలు పట్టుకుని ఉంటారు, ఆ ధూపమే పరిశుద్ధుల ప్రార్థనలు. బానే ఉంది, కానీ ఆ ప్రార్థనలు ఆ పెద్దలకి చేసినవని అక్కడ లేదు. రెండో మక్కబీయులు 15 ఇంకొంచెం గట్టిది, ఎప్పుడో పోయిన యిర్మీయా ప్రవక్త యూదుల సేనాని యూదా మక్కబీకి కలలో కనపడతాడు, ఆయన ప్రజలకోసం ఇంకా ప్రార్థిస్తూనే ఉన్నాడట, యూదా చేతికి బంగారు కత్తి కూడా ఇస్తాడు. కాకపోతే ఆ పుస్తకం వాళ్ళ బైబిల్లో ఉంది మన దాంట్లో లేదు, సగం గొడవ అక్కడే.

మా లూథరన్లలో చాలామందికి తెలియనిది ఏంటంటే, మన విశ్వాస ప్రకటన అయిన 1530 ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలుని సమర్థిస్తూ లూథర్ సహచరుడు మెలాంక్తన్ 1531లో రాసినదాంట్లో, పరిశుద్ధులు పరలోకంలో సంఘం కోసం ప్రార్థిస్తారని ఒప్పేసుకున్నాడు, ఆ మక్కబీయుల కలనే ఎత్తాడు కూడా. కానీ వాళ్ళని పిలవమని లేఖనంలో ఆజ్ఞ లేదు, వాగ్దానం లేదు, అలా చేసినవాళ్ళ ఉదాహరణ కూడా లేదు అని అక్కడ గీత గీశాడు. నేనూ ఆ గీత దగ్గరే ఆగుతా.

కర్ణపిశాచి, (సౌలు కోసం చనిపోయిన సమూయేలుని రప్పించిన) ఏన్దోరు మంత్రగత్తె అంటూ, చచ్చినవాళ్ళని సంప్రదించొద్దనే ద్వితీయోపదేశకాండం 18 పట్టుకొచ్చేవాళ్ళతో మాత్రం నేను కలవను, సోది అడగడం వేరు, నాకోసం ప్రార్థించమ్మా అనడం వేరు. ఇటు ఆర్సీఎం వాళ్ళు కూడా లేని వచనం కోసం తడుముకోకుండా ఇది మా సంఘ సాంప్రదాయం అనేస్తే సరిపోతుంది, 1563లో వాళ్ళ సంఘ పెద్దల ట్రెంట్ సభ కూడా పునీతుల్ని వేడుకోవడం మంచిది, ఉపయోగకరం అంది గానీ అలా వేడుకోకపోతే రక్షణ లేదనలేదు. ఇక గుణదలలో తలనీలాలు, కొబ్బరికాయల సంగతంటారా, దానికి వచనం ఉందని మా అత్తగారు కూడా అనరు.