99 రూపాయల డొమైన్‌కి రెండో ఏడాది బిల్లు

తెనాలిలో మా బాబాయ్‌కి గానుగ నూనె కొట్టు ఉంది. నిరుడు వెబ్‌సైట్ పెట్టిస్తూ నేనే దానికి డొమైన్, అంటే డాట్ కామ్ పేరు కొన్నాను. ఆఫర్‌లో మొదటి ఏడాది 99 రూపాయలే. గొప్పగా చెప్పుకున్నాను కూడా.

గడువుకి నెల ముందు మెయిల్ వచ్చింది. రెన్యూవల్ 1,449, కొన్నవాళ్ల వివరాలు బయటికి కనపడకుండా దాచే, మొదటి ఏడాది ఉచితంగా ఇచ్చిన ప్రైవసీ ప్రొటెక్షన్‌కి 399, పైన 18 శాతం జీఎస్టీ. మొత్తం 2,180 పైచిలుకు. బాబాయ్ ఫోన్ అందుకుని, కళ్లజోడు పైకి నెట్టి చూశాడు. "కొట్టు అద్దె కూడా ఇలా పెరగదురా" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. కూర్చుని లెక్క తీశాను. డాట్ కామ్ పేర్లన్నిటికీ టోకు వ్యాపారి వెరిసైన్. మనకు అమ్మే కంపెనీ ఒక్కో పేరుకి ఏడాదికి ఆ సంస్థకి కట్టేది 2024 సెప్టెంబర్ నుంచి 10.26 డాలర్లు. అంటే తొమ్మిది వందల దాకా. కొత్త పేరైనా, రెన్యూవల్ అయినా టోకు ధర అదే. మరి 99కి ఎలా ఇచ్చారు? చేతి డబ్బు పెట్టుకుని ఇచ్చారు. ఆ నష్టం రెండో ఏడాది నుంచి మన దగ్గరే రాబట్టుకుంటారు.

మనం ఎందుకు కడతాం అంటే, జవాబు బాబాయ్ కొట్టులోనే ఉంది. వెబ్‌సైట్ పేరు అచ్చేసిన లేబుళ్లు రెండు వేలు, సగం అప్పటికే డబ్బాల మీద అంటించేశారు. ఇక పేరు మారుస్తామా?

అయితే పేరు మార్చకుండా కంపెనీ మార్చవచ్చు. కొన్న 60 రోజుల లోపు కుదరదు, మాది అది దాటిపోయింది. మొదటికీ రెన్యూవల్‌కీ ఒకటే ధర చూపించే చోటు వెతికితే 1,050, జీఎస్టీతో 1,239 అయింది. పాత ఖాతాలో పేరు వేరే కంపెనీకి పోకుండా ఆపే ట్రాన్స్‌ఫర్ లాక్ తీయాలి, మార్పుకి తాళంచెవి లాంటి ఆథ్ కోడ్ తీసుకోవాలి. లాక్ బటన్ ఎక్కడో నాలుగో పేజీలో దాక్కుంది. "వెళ్లిపోతున్నారా, తగ్గింపు ఇస్తాం" అని రెండుసార్లు అడ్డొచ్చింది. ఆ తగ్గింపు ముందే ఇచ్చుంటే వెళ్లేవాళ్లం కాదు కదా!

అసలు టెన్షన్ కోడ్ దగ్గర. అది వెళ్లింది బాబాయ్ పాత మెయిల్‌కి, దాని పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. పిన్ని నోట్‌బుక్‌లో, పాల లెక్కల పక్కన దొరికింది. కోడ్ కొత్త కంపెనీలో వేసి డబ్బు కట్టాక, పాతవాళ్లు ఆమోదించకపోయినా ఐదు రోజుల్లో దానంతటదే మారిపోతుందని రాసుంది. అలాగే ఐదో రోజు మారింది. ఆ ఐదు రోజులూ సైట్ ఆగలేదు.

కట్టిన డబ్బుకి గడువు కూడా ఒక ఏడాది పెరిగింది. బాబాయ్ ఆ తేదీని గోడ మీది క్యాలెండర్‌లో రాయబోతే వచ్చే ఏడాది పేజీ లేదు. పిన్ని నోట్‌బుక్‌లోనే రాయించాడు.