ఆదివారం తలనొప్పి, నా కాఫీ లెక్క

దాదాపు రెండేళ్ళ పాటు నాకు ప్రతి ఆదివారం తలనొప్పి వచ్చేది. సోమవారం నుంచి శనివారం దాకా ఏమీ ఉండదు, హాయిగా ఉంటాను, ఆదివారం ఒక్కరోజు కాస్త ఆలస్యంగా లేద్దామని పడుకుంటానా, తొమ్మిదింటికి లేచేసరికి నుదురంతా బరువు, కళ్ళ వెనకాల ఎవరో నొక్కుతున్నట్టు. ఎక్కువసేపు పడుకున్నందుకేమో అనుకున్నాను, దిండు మార్చాను, కళ్ళ డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళాను, పవర్ సరిగ్గానే ఉందమ్మా అని పంపించేశారు. ఒకరోజు అక్కతో ఫోన్లో ఇదే చెప్తుంటే "ఆదివారం కాఫీ ఎన్నింటికి తాగుతావే?" అని అడిగింది. పదింటికి అన్నాను. "మిగతా రోజుల్లో?" ఆరింటికి. "మరింకేం, నీకు తల నొప్పెట్టేది అందుకే" అంది.

అక్కకెలా తెలుసంటే, కడుపుతో ఉన్నప్పుడు కాఫీలో ఉండే కెఫీన్ రోజుకి 200 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకో అని డాక్టర్ చెబితే, తగ్గించడం ఎందుకు మొత్తం మానేస్తే పోలా అని ఆ రోజే మానేసిందట. రెండో రోజుకి తల పగిలిపోయిందట. ఒళ్ళు నొప్పులు, చిరాకు, నిద్రమత్తు, కడుపుతో ఉంటే ఇలాగే ఉంటుందేమో అనుకుంటూ భరించిందట పాపం. ఎవరైనా ముందే చెప్పి ఉంటే మెల్లమెల్లగా తగ్గించుకునేదాన్ని కదా అంటుంది ఇప్పటికీ.

అక్క చెప్పాక కూర్చుని చదివాను. మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది, అది రిసెప్టర్లకి, అంటే మెదడు కణాల మీద దాన్ని అందుకునే చోట్లకి, అతుక్కున్న కొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ ఆకారం అడినోసిన్‌కి దగ్గరగా ఉంటుంది కాబట్టి ముందే వెళ్ళి దాని సీట్లో కూర్చుంటుంది. అలసట ఎక్కడికీ పోదు, కబురు అందదు, అంతే. రోజూ ఇదే జరుగుతుంటే మెదడు ఊరుకోదు కదా, ఇంకొన్ని రిసెప్టర్లు తయారు చేసుకుంటుంది. అప్పటినుంచి ఒక పూట కాఫీ పడకపోతే అడినోసిన్ అంతా ఒకేసారి వచ్చి పడుతుంది, కెఫీన్ వల్ల కాస్త బిగుసుకుని ఉన్న మెదడు రక్తనాళాలు వదులవుతాయి, తలనొప్పి మొదలవుతుంది. ఇది ఉత్త మాట కాదు, అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే మానసిక సమస్యల పుస్తకంలో కెఫీన్ మానినప్పుడు వచ్చే ఈ ఇబ్బందిని ఒక సమస్యగా చేర్చారు కూడా. చివరి కప్పు తాగిన 12 నుంచి 24 గంటల లోపు మొదలవుతుందట.

ఆ 12 గంటలు చదవగానే నా లెక్క నాకు అర్థమైపోయింది. సాయంత్రం ఆరున్నరకి చివరి కాఫీ, పొద్దున్న ఆరింటికి మొదటి కాఫీ, మధ్యలో పదకొండున్నర గంటలు. రోజూ గీతకి ఒక్క అరగంట ఇవతలే ఉంటున్నాను, ఆదివారం మాత్రం గీత దాటేస్తున్నాను. రెండేళ్ళ తలనొప్పికి కారణం ఇంత చిన్నది అని తెలిసినప్పుడు నిజంగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎందుకంటే లోపల ఏదో పెద్ద జబ్బుందేమో అన్న భయం నన్ను అన్నాళ్ళూ తిన్నది, ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు.

తర్వాత కప్పులు లెక్కపెట్టాను. పొద్దున ఆరింటికి పెద్ద కప్పు, పదిన్నరకి ఆఫీసులో మెషీన్ కాఫీ, భోజనం అయ్యాక ఒకటి, నాలుగింటికి అందరం లేస్తాం కాబట్టి ఒకటి, ఆరున్నరకి ఇంటికొచ్చి ఒకటి. ఐదు. డికాషన్ కాఫీ 240 మిల్లీలీటర్ల కప్పులో సుమారు 95 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుందంటారు, పొడిని బట్టి, చేసే తీరుని బట్టి అటూ ఇటూ అవుతుంది, ఇన్‌స్టంట్ అయితే ఇంకొంచెం తక్కువ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజుకి 400 దాకా పర్వాలేదు అని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్తుంది. నేను దానికి అటూ ఇటూగా ఉన్నాను, ఘోరమేం కాదు. కానీ ఆ ఐదింటిలో నేను నిజంగా కావాలనుకుని తాగేవి ఎన్ని అని చూసుకుంటే రెండే. పొద్దున్నది, సాయంత్రం ఇంటికొచ్చాక తాగేది. మధ్యలో మూడూ అలవాటు కొద్దీ తాగుతున్నాను, సగం సార్లు చల్లారిపోయాక గుర్తొచ్చి ఒక్క గుక్కలో మింగేస్తాను, రుచి కూడా తెలీదు.

మధ్యవి తీసేయడం పెద్ద కష్టం కాలేదు. వారానికొకటి తీసేశాను, తీసే ముందు రెండు మూడు రోజులు సగం కప్పు చేశాను. భోజనం అయ్యాక కాఫీని ముందు తీసేశాను, ఎందుకంటే కాఫీ తిండిలోని ఐరన్‌ని సరిగ్గా ఒంటికి పట్టనివ్వదు, నాకేమో ఎప్పుడూ హిమోగ్లోబిన్ తక్కువే, ఈ సంగతి చాలామంది ఆడవాళ్ళకి ఎవరూ చెప్పరు.

సాయంత్రం కాఫీ మాత్రం వదులుకోవడానికి ప్రాణం ఒప్పుకోలేదు. పనంతా అయ్యాక, చెప్పులు విప్పి, ఎవరితోనూ మాట్లాడకుండా తాగే కప్పు అది. నాకు పడుకుంటే నిద్ర వచ్చేస్తుంది, కాఫీ నన్నేం చెయ్యదు అని నమ్మేదాన్ని. అయితే కెఫీన్ సగానికి తగ్గడానికి మామూలుగా ఐదు గంటలు పడుతుందట. ఆరున్నరకి తాగిన దాంట్లో సగం పదకొండున్నరకి ఇంకా ఒంట్లోనే ఉంటుంది, పావు వంతు తెల్లవారుజామున నాలుగున్నరకి కూడా ఉంటుంది. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో పడుకునే ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు ఇస్తే కూడా నిద్ర గంటకి పైగా తగ్గింది. నేను తాగేది దాంట్లో పావు వంతే అనుకోండి, కానీ రాత్రి మూడింటికి మెలకువ రావడం, మళ్ళీ పట్టకపోవడం నాకు ఎప్పటినుంచో ఉంది. అసలు 15వ శతాబ్దంలో యెమెన్‌లో సూఫీలు రాత్రంతా ప్రార్థనలో మెలకువగా ఉండటానికే కాఫీ తాగేవాళ్ళు. దాని పనే అది, ఐదొందల ఏళ్ళకి పైగా అదే పని చేస్తోంది.

అందుకని సాయంత్రానికి డీకాఫ్, అంటే కెఫీన్ తీసేసిన కాఫీ, మొదలుపెట్టాను. మొదట్లో చాలా అయిష్టంగానే. 1900ల మొదట్లో బ్రెమెన్‌లో లుడ్విగ్ రోసెలియస్ అనే కాఫీ వ్యాపారి కెఫీన్ తీసేసిన కాఫీని అమ్మకానికి తెచ్చాడు, అప్పుడు వాడింది బెంజీన్, ఇప్పుడు దాన్నెవరూ వాడరు, నీళ్ళతోనో కార్బన్ డయాక్సైడ్‌తోనో తీసేవి కూడా దొరుకుతున్నాయి. పూర్తిగా సున్నా కాదు, కప్పుకి కొన్ని మిల్లీగ్రాములు మిగులుతాయి. రుచి కొంచెం బోలుగా ఉంటుంది, నిజం చెప్పాలి కదా. కానీ ఆ వేడి, ఆ వాసన, చెప్పులు విప్పి కూర్చోవడం, నాకు కావాల్సింది చాలావరకు అందులో ఉంది. మూడింటి మెలకువ మూడు వారాల్లో తగ్గింది.

అసలు ఆశ్చర్యం వేరే ఉంది. ఐదు కప్పులు తాగిన రోజుల్లో నాకు ఏ పొడైనా ఒకటే. రెండుకి వచ్చేసరికి పొద్దున్న కప్పు బాగా లేకపోతే రోజంతా వెలితిగా ఉంటోంది, దాంతో పట్టించుకోవడం మొదలైంది. స్ట్రాంగ్ అనే మాట ఉంది చూశారా, నేను ఇన్నేళ్ళూ చేదుగా, నల్లగా ఉంటే స్ట్రాంగ్ అనుకునేదాన్ని. బాగా నల్లగా వేయించిన గింజల్లో కెఫీన్ ఎక్కువేం ఉండదు, వేపు ముదిరిన కొద్దీ చేదు పెరుగుతుంది అంతే. కెఫీన్‌లో అసలు తేడా గింజ రకంలో ఉంది, రోబస్టాలో అరబికా కంటే దాదాపు రెట్టింపు ఉంటుంది. నా పాత పొడిలో రోబస్టానే ఎక్కువ, పైగా చికోరీ అనే వేరు పొడి. చికోరీలో కెఫీనే ఉండదు, రంగు, చిక్కదనం వస్తాయి. అది ఇష్టమైన వాళ్ళని నేనేం అనను, మా అమ్మకి అది లేకపోతే కాఫీ తాగినట్టే ఉండదు. నాకు మాత్రం ఇప్పుడు ఒట్టి అరబికానే నచ్చుతోంది, కాస్త పులుపు తగులుతుంది, మొదట్లో పాడైపోయిందేమో అనుకున్నాను, అలవాటయ్యాక ఆ పులుపు లేకపోతే చప్పగా ఉంది.

ఇంకా ఏం మార్చానంటే, గింజలు కొని చిన్న మర మీద పొద్దున్నే ఆ పూటకి సరిపడా ఆడుకుంటాను, ఎందుకంటే పొడి చేసిన దగ్గర్నుంచి వాసన పోతూనే ఉంటుంది. తళతళా మరిగే నీళ్ళు పొయ్యను, దించి ఒక నిమిషం ఆగుతాను, 92 నుంచి 96 డిగ్రీల మధ్య బాగుంటుందట. మిగిలిన డికాషన్ మళ్ళీ వేడి చెయ్యడం పూర్తిగా మానేశాను, ఆ చేదు వేరు, నాలుక మీద గీరుకుపోతుంది. పాలు కూడా పొంగేదాకా ఉంచను. మరీ కాలే కాఫీ కూడా తాగను, 65 డిగ్రీలు దాటిన వేడిలో తాగే ఏ పానీయమైనా అన్నవాహిక క్యాన్సర్‌కి కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2016లో చెప్పింది, అందులో తప్పు వేడిది, కాఫీది కాదు. పైగా కాస్త చల్లారితేనే రుచి తెలుస్తుంది. చక్కెర రెండు చెంచాల నుంచి అర చెంచాకి వచ్చాను, అక్కడే ఆగాను, ఆ అర చెంచా వదిలే ఉద్దేశం లేదు.

ఆదివారాల సంగతి చెప్పలేదు కదా. ఇప్పుడు ఆదివారం కూడా ఏడింటికల్లా లేచి చిన్న కప్పు తాగేస్తాను, నిద్రొస్తే మళ్ళీ పడుకుంటాను, కెఫీన్ బాగా ఎక్కడానికి ఓ అరగంట పైనే పడుతుంది కాబట్టి ఈలోగా ఒక కునుకు పడుతుంది. తలనొప్పి వచ్చి ఎనిమిది నెలలైంది.

ఇప్పుడు నా పని నాన్న కాఫీ. ఆయనకి ఈమధ్య కొలెస్ట్రాల్ ఎక్కువగా వచ్చింది. వడకట్టని కాఫీలో కెఫెస్టాల్ అనే నూనె పదార్థం ఉంటుంది, అది చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది, కాగితం ఫిల్టర్ వాడితే దాదాపు అంతా కాగితంలోనే ఆగిపోతుంది. ఈ కాగితం ఫిల్టర్ కనిపెట్టింది డ్రెస్డెన్‌లో మెలిటా బెంట్జ్ అనే గృహిణి, 1908లో, కొడుకు నోటుపుస్తకంలో బ్లాటింగ్ పేపర్ చింపి, చిల్లులు పెట్టిన ఇత్తడి గిన్నెలో వేసి చూసిందట, కప్పు అడుగున మడ్డి నచ్చక. ఆవిడంటే నాకు చాలా గౌరవం, మన ఇబ్బంది మనమే వంటింట్లో తీర్చుకోవడం అంటే అదీ. నాన్నకి రెండు వారాలుగా అలా వడకట్టే ఇస్తున్నాను. "పలచగా ఉందమ్మా, నీళ్ళ కాఫీలా ఉంది" అంటున్నారు, కప్పు మాత్రం ఖాళీ చేస్తున్నారు. ఇప్పుడు పావు లీటరుకి 14 గ్రాములు వేస్తున్నాను. రేపు 17 వేసి, పొడి కాస్త సన్నగా ఆడి, ఏమీ చెప్పకుండా ఇచ్చి చూస్తాను.