కూర ముందు, అన్నం చివర

బరువు తగ్గించే గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ చేయించుకుంటున్నానని తెలిసినప్పటి నుంచి చుట్టాలూ స్టాఫ్ రూమ్‌లో తోటి టీచర్లూ నన్ను అడిగింది ఒకటే: "ఇక ఎంత తినగలవు?" ఎంత అన్న సంగతి ఆపరేషనే చూసుకుంది. పొట్ట పైభాగాన్ని సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిలా చేసి, దాన్ని నేరుగా చిన్న పేగుకు కలిపారు. కోడిగుడ్డు పరిమాణం కూడా ఉండదది. నేను నేర్చుకోవాల్సి వచ్చింది వేరే సంగతి: ఏది ముందు తినాలి, ఏది తర్వాత, ఏది తాగకూడదు.

మాది గుంటూరు. నాకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది, ఇన్సులిన్ కూడా తీసుకునేదాన్ని. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయి ఇంటికి వచ్చేనాటికే డాక్టరు ఇన్సులిన్ ఆపేశారు. ఆ సంతోషం ఇంతా అంతా కాదు. మొదట్లో మజ్జిగ తేట, వడకట్టిన సూపు, తర్వాత మిక్సీలో మెత్తగా వేసిన పప్పు, ఆ తర్వాత మెత్తటి తిండి. ఆ రోజులు ఎలాగో గడిచిపోయాయి. అసలు కష్టం అందరితోపాటు కంచం ముందు కూర్చోవడం మొదలయ్యాక వచ్చింది.

మన భోజనంలో అన్నమే భోజనం. పప్పు, కూర, పులుసు అన్నీ దాంట్లో కలుపుకోవడానికే. ఆపరేషన్ అయినవాళ్లకు ఇది తలకిందులు కావాలి. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ ఒంట్లోకి పోవాలి, లేకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది, జుట్టు రాలుతుంది. చిన్న సంచిని ముందే అన్నంతో నింపితే ప్రొటీన్‌కు చోటెక్కడిది? అందుకని నా కంచంలో ముందు చేప ముక్కో, గుడ్డో, గరిటె జారుగా కాకుండా ముద్దగా చేసిన కందిపప్పో ఉంటుంది. అది అయ్యాక దొండకాయో బీరకాయో. అన్నం చివర్లో రెండు చెంచాలు, పెరుగుతో. కడుపు నిండితే ఆ రెండు చెంచాలూ వదిలేస్తాను. మంచినీళ్లు తిన్న అరగంట తర్వాతే.

"అమ్మాయ్, ఉత్త పప్పు తింటే వేడి చేస్తుంది, రెండు ముద్దలు కలుపుకో" అనేవారు అత్తయ్య. ఆవిడకు నా మీద ఉన్నది ప్రేమే. అన్నం పెట్టకుండా కోడలికి కంచం ఎలా ఇస్తాననే బాధ.

తీపి సంగతి నాకు శ్రీరామనవమి పందిట్లో అర్థమైంది. ఎండలో కూర్చుని కల్యాణం చూశాక ప్రసాదంగా పానకం ఇచ్చారు. అరగ్లాసు తాగాను. కాసేపటికే గుండె దడదడలాడింది, ఒళ్లంతా చెమట, కడుపులో తిప్పడం, ఎక్కడో ఒకచోట పడుకోకపోతే పడిపోతానన్నంత నీరసం. దీన్నే డంపింగ్ అంటారు. మామూలుగా పొట్ట అడుగున ఒక కవాటం ఉంటుంది, తిన్నదాన్ని కొంచెం కొంచెంగా పేగులోకి వదులుతుంది. బైపాస్‌లో తిండి ఆ దారిన పోదు. బెల్లం నీళ్లు ఒక్కసారిగా పేగులోకి దిగుతాయి, ఆ తీపిని పలచన చేయడానికి ఒంట్లో నీరంతా అటు పరుగెడుతుంది. అందుకే ఘనంగా ఉన్న తీపి కంటే తాగే తీపి ఎక్కువ ప్రమాదం. జ్యూసులు, చెరుకురసం, పాలలో కలుపుకునే మాల్ట్ పొడులు అన్నీ ఈ కోవలోవే.

ఇది తిన్న అరగంటలోపు వచ్చేది. ఇంకో రకం ఉంది, దాని గురించే నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. అది తిన్న గంట నుంచి మూడు గంటల మధ్యలో వస్తుంది. చాలామందికి ఆపరేషన్ అయి ఏడాది దాటాక గానీ కనపడదు. నాకూ అంతే. పొద్దున ఇడ్లీ తిని స్కూలుకు వెళ్లాను. మూడో పీరియడ్‌లో బోర్డు మీద రాస్తుంటే చేయి వణికింది, అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి, పిల్లలు అడిగింది బుర్రకెక్కలేదు. స్టాఫ్ రూమ్‌లో గ్లూకోమీటర్ పెట్టి చూస్తే 58. ఇన్సులిన్ ఆపేసిన మనిషికి షుగర్ పడిపోవడమేమిటని అందరికీ ఆశ్చర్యం.

జరిగేది ఇదీ. ఇడ్లీలో మినప్పప్పు ఉన్నా బియ్యపు రవ్వే ఎక్కువ. అది వేగంగా పేగులోకి దిగి రక్తంలో షుగర్ పైకి ఎగబాకుతుంది. దానికి జవాబుగా ఒళ్లు అవసరానికి మించి ఇన్సులిన్ విడుదల చేస్తుంది. షుగర్ దిగజారిపోతుంది. అప్పుడు పక్కనున్నవాళ్లు కంగారుపడి గ్లాసు నిండా గ్లూకోజ్ నీళ్లు తాగిస్తారు. కాసేపు బాగుంటుంది, మళ్లీ అదే తంతు మొదలు. నాకు డైటీషియన్ చెప్పిన పద్ధతి: 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే తీసుకోవాలి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి, 70 దాటాక గుడ్డో పనీరో తినాలి. ఆ చివరిది వదిలేస్తే మళ్లీ పడిపోతుంది. స్పృహ తప్పేలా ఉంటే మాత్రం ఇవేవీ చూసుకుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

అప్పటి నుంచి నా టిఫిన్ పెసరట్టు. పెసలతో, బియ్యం వేయకుండా, పైన గుడ్డు కొట్టి. ఇడ్లీ తినాలనిపిస్తే గుడ్డు తిన్నాకే ఒకటి. మూడో పీరియడ్ ఇప్పుడు నిశ్చింతగా గడుస్తోంది.

బరువు మళ్లీ పెరిగేది మిఠాయిలతోనే అనుకుంటారు. నేను చూసినంతలో జంతికలు, చేగోడీలు, బిస్కెట్లు అంతకంటే తేలిగ్గా మోసం చేస్తాయి. చికెన్ ముక్క నాలుగు తింటే సంచి నిండి ఆగిపోతాం. జంతికలు నమిలేసరికి పిండిలా జారిపోతాయి, పక్కన టీ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. నిండిన భావనే రాదు. ఇంట్లో వాటి డబ్బా నాకు కనపడని చోటికి మార్చాం. ప్యాకెట్ల వెనక చదవడం కూడా అలవాటైంది: 4 గ్రాముల చక్కెర అంటే ఒక టీస్పూను. గ్లూకోజ్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్ అని రాసి ఉన్నా ఒంటికి దాదాపు అదే లెక్క. కొన్ని ప్రొటీన్ పొడుల్లోనూ ఇవి ఉంటాయి, కొనేముందు చూడండి.

ఇంట్లో అసలు మార్పు వచ్చింది మాత్రం అత్తయ్యను నాతోపాటు డైటీషియన్ దగ్గరకు తీసుకెళ్లాకే. ఆవిడ మొదట అడిగిన ప్రశ్న: "పంచదార వద్దంటే సరే, బెల్లం మంచిదే కదమ్మా?" "పేగులోకి వెళ్లాక బెల్లమైనా పంచదారైనా ఒకటేనండీ" అని డైటీషియన్ ఓపిగ్గా వివరించారు. వ్రతానికి పరవాన్నం చేసినప్పుడు నాకు కళ్లకద్దుకోవడానికి వేలి కొసంత పెట్టాలని అక్కడే ఇద్దరూ తేల్చుకున్నారు. మామిడిపండు రసం తీయకుండా, భోజనం చివర రెండు ముక్కలు. తిన్న రెండు గంటలకు మీటర్ చూసి అత్తయ్యకు చెప్పాలి, అది ఆవిడ పెట్టిన షరతు.

ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవాళ్లు ఇంట్లో వంట చేసేవాళ్లను ముందే డైటీషియన్ ముందు కూర్చోబెట్టండి. షుగర్ పడిపోవడం తరచూ వస్తుంటే ఏ పూట ఏం తిన్నారో, ఎన్ని గంటలకు పడిందో రాసుకుని డాక్టరుకు చూపించండి. తిండి మార్చినా తగ్గకపోతే దానికి మందులున్నాయి.