మారుతి 800కి లక్షన్నరా?

2003 మోడల్ మారుతి 800. ఏసీ, తెలుపు రంగు, ఏపీ 16 నంబరు, ఒకే ఓనరు, తిరిగింది 31 వేల కిలోమీటర్లు. చెప్పిన ధర లక్షా యాభై వేలు. మా బావమరిది ఫొటోలతో సహా ఇదంతా వాట్సాప్‌లో పంపి, "ఏమంటావు బావా?" అని అడిగాడు. వాడు అప్పటికే మనసులో కొనేశాడు, నా నోటితో ఊ అనిపించుకోవడమే మిగిలింది.

నాది బండ్ల ఇన్సూరెన్స్ సర్వేయర్ పని. గుద్దుకున్న కార్లు చూసి నష్టం ఎంతో రాస్తుంటాను. అందుకే చుట్టాల్లో ఎవరు పాత కారు కొనాలన్నా ఫోన్ నాకే వస్తుంది. విజయవాడ ఆటోనగర్ చుట్టుపక్కల ఈ వయసు 800 ఏదో నడిచే కండిషన్‌లో యాభై, అరవై వేలకు దొరుకుతుంది. మరి ఈ పైన తొంభై వేలు దేనికి? బాగా చూసుకున్నందుకు. బాగా చూసుకున్నది ఆయన, డబ్బు కట్టేది మనం. ఆ చూసుకోవడంలో మన చేతికి వచ్చేది ఎంత అన్నదే లెక్క.

బండి బందరులో ఉంది. ఓనరు రిటైరైన హెడ్మాస్టారు. బందరు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఉప్పుగాలి. అక్కడి కార్లకు పైన ఎంత పాలిష్ ఉన్నా కింద చిలుం పట్టి ఉంటుంది. అందుకే మెరుపు జోలికి పోకుండా ముందు మ్యాట్లు తీయించాను. ఫ్లోర్ గట్టిగా ఉంది. స్క్రూడ్రైవర్ పిడితో కొడితే ఎక్కడా బోలు శబ్దం రాలేదు. డోర్ బీడింగ్ కొంచెం లాగి చూస్తే స్పాట్ వెల్డింగ్ గుంటలు గుండ్రంగా, వరసగా ఉన్నాయి. గుద్దుకుని టింకరింగ్ (సొట్టలు తీసే పని) జరిగిన బండికి ఆ వరస ఉండదు, పుట్టీ కింద పూడిపోతుంది. అద్దాలన్నిటి మీదా ఒకే ముద్ర, అంటే ఏదీ పగిలి మార్చినది కాదు. బ్యాటరీ కింద పళ్లెం చూశాను, అక్కడా పెయింట్ ఉంది. డిక్కీలో స్టెప్నీ గుంటలో మాత్రం అరచేతి మేర తుప్పు. అంతే. ఇరవై ఏళ్లు దాటిన బందరు కారులో అంతకన్నా తక్కువ తుప్పు నేను చూడలేదు. మాస్టారి మీద నిజంగానే గౌరవం కలిగింది.

కానీ ఆయన గర్వంగా చూపించిన 31 వేల దగ్గరే నాకు పేచీ. కారు నిలబెట్టి ఉంచితే ఇనుము అరగదు గానీ రబ్బరుకు వయసు ఆగదు. టైర్లు చూడండి, గాట్లు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి. పక్క గోడ మీద చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి, తయారైన వారం, ఏడాది. దీని మీద 2212 అని ఉంది, అంటే 2012లో 22వ వారం. వేలితో నొక్కితే సన్నటి పగుళ్లు విచ్చుకున్నాయి.

"మాస్టారూ, టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్పించారు?" అని అడిగాను.

"ఇంకా అంత తిరగలేదు కదా బాబూ!" అన్నారు.

అదీ సంగతి. బెల్ట్ కిలోమీటర్లకే కాదు, ఏళ్లకూ పోతుంది. బ్రేక్ హోసులు, ఫ్యూయల్ పైపులు, ఏసీ పైపులు, బుష్‌లు అన్నిటిదీ అదే కథ. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 2003 నాటి రబ్బరును దాన్ని దృష్టిలో పెట్టుకొని చేయలేదు. ఇవన్నీ మార్చడానికి నేను వేసిన లెక్క ముప్పై వేల పైమాటే. ఇంజను సామాను దొరకడానికి బెంగ లేదు. ఈ 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజను కుటుంబమే ఆమ్నీలోనూ, ఆల్టోలోనూ నడిచింది. నన్నడిగితే రోజూ తిరిగి, టైముకు సామాను మార్చుకున్న 90 వేల కిలోమీటర్ల బండి, పోర్టికోలో కవరు కప్పుకుని పడుకున్న 30 వేల బండి కన్నా ఓ మెట్టు పైనే.

కాగితాల సంగతి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ 2028 దాకా ఉంది. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజు పదివేలు చేశారు, గ్రీన్ ట్యాక్స్ వేరు. ఇక నా వృత్తికి సంబంధించిన మాట. ఐదేళ్ల లోపు కారుకు ఇన్సూరెన్స్ విలువ కట్టడానికి తరుగు పట్టిక ఉంది. ఐదేళ్లు దాటితే పట్టిక లేదు, కంపెనీ, ఓనరు ఒప్పుకున్నదే విలువ. ఇంత పాత బండికి సాధారణంగా థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్ల నష్టానికే వర్తించే పాలసీ ఒక్కటే చేయించుకుంటారు. వెయ్యి సీసీ లోపు కారుకు 2,094 రూపాయలు, జీఎస్టీ అదనం. అంటే రేపు లారీ వెనక నుంచి తగిలిస్తే మన సొంత పాలసీ మీద రూపాయి రాదు. ఆ లారీవాడి ఇన్సూరెన్స్ చుట్టూ తిరిగినా, బందరు మాస్టారి శ్రద్ధకు విలువ కట్టే గడి నా సర్వే రిపోర్టులో లేదు.

మాస్టారి అబ్బాయి ఫోన్‌లో ఇంకో మాటన్నాడు, "ఇది క్లాసిక్ సార్, ముందు ముందు రేటు పెరుగుతుంది" అని. 1983 డిసెంబరులో మొదటి కారు బయటికొచ్చినప్పటి నుంచి 2014 జనవరిలో ఆపేసేదాకా పాతిక లక్షలకు పైగా తయారైన బండి ఇది. తొలి మూడేళ్ల ఎస్ఎస్80 మోడల్ అయితే మోజుపడి కొనేవాళ్లున్నారు. 2003 బండికి ఆ మోజు లేదు. ప్రభుత్వ లెక్కలో వింటేజ్ అనిపించుకోవాలంటే యాభై ఏళ్లు నిండాలి, అంటే 2053. అప్పటికి మా బావమరిదికి మనవలు పుడతారు.

అలాగని వద్దనలేదు. కొత్త ఆల్టో కావాలంటే జీఎస్టీ తగ్గాక కూడా మూడున్నర లక్షల పైమాటే. ఎయిర్‌బ్యాగులు కావాలన్నా, హైవే మీద తిప్పాలన్నా ఆ డబ్బు పెట్టాల్సిందే, ఇందులో రెండో ఆలోచన లేదు. 800లో ఎయిర్‌బ్యాగూ లేదు, ఏబీఎస్సూ లేదు. కానీ వీళ్లకు కావలసింది వాడి భార్య చేయి తిరగడానికీ, ఊళ్లోనే ఉన్న స్కూలుకు వెళ్లి రావడానికీ. ఆ పనికి తుప్పులేని బాడీ దొరకడం అదృష్టమే. రబ్బరు వారంలో మార్చుకోవచ్చు, కుళ్లిన ఫ్లోర్‌ను మార్చలేం. నా లెక్కలో ఈ బండి లక్షా పదివేలు. మాస్టారు దిగనంటే ఇంకో పదివేలు.

బేరం లక్షా ఇరవైకి తెగింది. బండిని కొన్నవాళ్ల పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాయి. బెల్ట్, టైర్లు బందరులోనే మార్పించాకే రోడ్డెక్కించమని వాడికి గట్టిగా చెప్పాను. వాడి భార్య మాత్రం అవన్నీ తర్వాత, ముందు ఏసీ గ్యాస్ సంగతి చూడమంటోంది.