జెన్‌లో ఎస్టీమ్ ఇంజన్: సి-బుక్కు దగ్గర నేను పడ్డ పాట్లు

నిన్న మధ్యాహ్నం నా 2000 నాటి మారుతి జెన్‌కు మరో అయిదేళ్ల రిజిస్ట్రేషన్ చేతికి వచ్చింది. నాలుగు నెలల క్రితమే రావలసిన ఆ కాగితం ఇంత ఆలస్యం కావడానికి ఒకటే కారణం, ఆ కారులో నేను ఎస్టీమ్ ఇంజన్ పెట్టించుకోవడం. ఇదే పని చేయించాలని చూస్తున్నవారు మా ఊళ్లోనే ఇద్దరు ముగ్గురు ఉన్నారు కనుక, మనసులో మంట చల్లారకముందే జరిగినదంతా రాస్తున్నాను.

జెన్‌కు కంపెనీ ఇచ్చిన ఇంజన్ 993 సీసీది. నలుగురం ఎక్కి, ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కితే రెండో గేరు దాటనిచ్చేది కాదు. పైగా రెండేళ్లుగా ఆయిల్ తాగుతూ, పొద్దున స్టార్ట్ చేయగానే నీలిపొగ వదిలేది. అరిగిన సిలిండర్లను తొలిపించి సరిచేయించడానికి, అంటే బోరు చేయించడానికి, అయ్యే ఖర్చుకు కొంత కలిపితే ఎస్టీమ్ 1298 సీసీ ఇంజనే వస్తుందని మా మెకానిక్ చెప్పాడు. ఇంజన్ విషయంలో అతను చెప్పినది నిజమే. రెండూ సుజుకీ వారి జి వరుస ఇంజన్లే, జెన్‌ది జి10, ఎస్టీమ్‌ది జి13. జెన్‌ది 72 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వెడల్పు), 61 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) అయితే, ఎస్టీమ్‌ది 74 బోరు, 75.5 స్ట్రోకు. పెరిగిన సీసీలో ఎక్కువ భాగం పిస్టన్ ప్రయాణం పెరగడం వల్ల వచ్చినదే.

విజయవాడ ఆటోనగర్‌లో 28 వేలకు ఇంజన్ కొన్నాము. గేర్‌బాక్స్ పాతదే ఉంచి, క్లచ్, వైరింగ్, ఈసీఎం (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటరు) ఎస్టీమ్‌వి వేసి, రేడియేటర్ పెద్దది పెట్టి నాలుగు రోజుల్లో బిగించారు. తరువాతి వారం అదే ఘాట్‌ను, అదే నలుగురితో, మూడో గేరులో ఎక్కాను. మా మెకానిక్ చేతిపనికి నేటికీ వంక పెట్టను. కానీ సి-బుక్కులో, అంటే రిజిస్ట్రేషన్ పుస్తకంలో, ఇంజన్ నంబరు సంగతి ఏమిటని నేను అడిగినప్పుడు, "బానెట్ ఎత్తి చూసేవాడెవడు మాష్టారూ" అన్న అతని మాట నమ్మడం నేను చేసిన తప్పు.

రెన్యువల్‌కు ఫీజు కట్టి, పొల్యూషన్, ఇన్సూరెన్సు కాగితాలు పట్టుకుని రవాణా శాఖ కార్యాలయానికి తనిఖీకి వెళ్లాను. లారీ డ్రైవర్లు, డ్రైవింగ్ స్కూలు కుర్రాళ్లు, ఆటోవాళ్లు కలిసి నలభై మంది దాకా ఉన్నారు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు లైట్లు, హారన్, బ్రేకులు చూసి, ఛాసిస్ నంబరు సరిపోయిందన్నాక బానెట్ ఎత్తమన్నారు. ఆయన సహాయకుడు బ్లాకు మీద పేరుకున్న గ్రీజును గుడ్డతో తుడిచి, తెల్లకాగితం అద్ది, బ్లాకు మీద చెక్కిన ఇంజన్ నంబరు అచ్చు పడేలా పెన్సిల్ అడ్డంగా పెట్టి రుద్దసాగాడు. కాగితం మీద ముందు జి వచ్చింది. దాని పక్కన సి-బుక్కు ప్రకారం 10 రావలసిన చోట 13 తేలింది. ఆ కుర్రవాడు రుద్దడం ఆపి నా ముఖంలోకి చూశాడు.

"ఈ ఇంజన్ ఎక్కడిదండీ? బిల్లు ఉందా?" అని ఇన్‌స్పెక్టరు గారు అడిగారు. నా దగ్గర ఉన్నది "ఎస్టీమ్ ఇంజన్ 1" అని రాసిన తెల్లచీటీ మాత్రమే. దాని మీద నంబరు లేదు, ఏ బండిలోనుంచి తీశారో లేదు. ఆయన ఆ చీటీని రెండు వైపులా తిప్పి చూసి, "దొంగ ఇంజన్ కాదని మీరెలా రుజువు చేస్తారు?" అన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. ఆ వరుసలో నా దగ్గర పదో తరగతి చదివిన ఒక అబ్బాయి, తన ట్రాక్టరు పక్కన నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నమస్కారం పెట్టిన చేతులు అలాగే ఉండిపోయి, తల పక్కకు తిప్పుకున్నాడు. బానెట్ దించడానికి నా చేతులు సహకరించలేదు. ఆ అబ్బాయే వచ్చి దించాడు.

గేటు దాటగానే ఒక ఏజెంటు వెంటపడి, పదిహేను వేలు ఇస్తే నంబరు ఎవరూ చూడకుండా పని జరుగుతుందన్నాడు. ఉద్యోగంలో ఉండగా ఎవరి దగ్గరా రూపాయి పుచ్చుకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ఆ రోజూ ఇవ్వలేదు. అయితే కౌంటరులో ఏ విభాగానికి వెళ్లాలో చెప్పిన పాపాన ఒక్కరూ పోలేదు. మూడుసార్లు తిరిగాక ఒక గుమాస్తా విషయం విడమరచి చెప్పారు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన దానికి, సి-బుక్కులోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖరారు చేసింది. అందుకే పెద్ద ఇంజన్‌ను పుస్తకంలోకి ఎక్కించడం కుదరదని, పాతది తిరిగి బిగిస్తేనే రెన్యువల్ చేస్తామని ఆయన అన్నారు.

కనుక ఎవరైనా ఇంజన్ ముట్టుకునే ముందే, చేయబోయేది కాగితం మీద రాసి కార్యాలయంలో అడగండి. మెకానిక్‌ను అడగవద్దు, ఏజెంటును అసలే అడగవద్దు. పాత ఇంజన్లు అమ్మేవారికీ ఒక మాట చెప్పాలి. బిల్లు మీద ఇంజన్ నంబరు, తీసిన బండి నంబరు రాయడానికి అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషం బద్ధకం వల్ల నాలాంటివాడు నలుగురిలో దొంగగా నిలబడవలసి వస్తుంది.

నా అదృష్టం కొద్దీ పాత ఇంజన్ తుక్కుకు పోలేదు, మెకానిక్ షెడ్డులో టైర్ల వెనుక ఉంది. బోరు చేయించి, ఓవర్‌సైజు పిస్టన్లు, కొత్త రింగులు వేయించాను. ఇరవై రెండు వేలు అయింది. నిన్న అదే ఇన్‌స్పెక్టరు గారు కాగితం రుద్దించి, 10 చూసి, మారుమాట లేకుండా సంతకం పెట్టారు.

ఎస్టీమ్ ఇంజన్‌ను అమ్మబుద్ధి కాలేదు. మా పశువుల కొట్టంలో రెండు దుంగల మీద పెట్టి గోనెపట్టా కప్పాను. ఈ ఉదయం ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండరులో చెంచాడు ఆయిల్ పోసి, తుప్పు పట్టకుండా క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి వచ్చాను.